చెరువులో దిగిన చెప్పులు

మా బావ మొదటిసారి చెప్పులతో చెరువులోకి దిగినప్పుడు ఒడ్డున కూర్చున్న మా నాయనమ్మ కెవ్వుమంది. ఎవరో మునిగిపోతున్నారనుకుని మా బాపు చేతిలో వల అక్కడే వదిలేసి నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైందే అవ్వా?"

"ఏమైతదిరా! నీ మేనల్లుడు గంగమ్మ నెత్తి మీద చెప్పులేస్కొని నడుస్తుండు, చూడు!"

బావ మోకాలి లోతు నీళ్లలో నిలబడి, తనను కాదన్నట్టు ఆకాశం వైపు చూస్తున్నాడు. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా నీళ్లలోంచి కూడా ఆ చెప్పుల కిర్రుమనే చప్పుడు వస్తున్నట్టే అనిపించింది నాకు. పగలబడి నవ్వాను. నాయనమ్మ నన్ను కూడా తిట్టింది.

పోలీసు యాక్షన్ అయ్యాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. మాది ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మీద బతికే ఇల్లు. బాపు వల వేసేవాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని అంగడికి, గిరాకీ లేని రోజు హయత్‌నగర్ దాకా నడిచిపోయి చేపలు అమ్మేది. తెగిన వలలు అల్లడం నా పని. నాకు పెళ్లీడు దాటిపోతోందని నాయనమ్మ రోజూ గొణిగేది. కానీ రజాకార్ల భయం, తర్వాత మిలిటరీ భయం, ఆ గడబిడలో ఎవరింట్లో మాత్రం బాజాలు మోగాయి గనక!

బావ మా మేనత్త కొడుకు. వాళ్లది నల్లగొండ దిక్కు ఊరు. అక్కడ దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ల కోసం వెతుకుతూ మిలిటరీ వాళ్లు క్యాంపు వేశారు. వయసు పిల్లగాడు కనిపిస్తే చాలు, పట్టుకుపోతున్నారు. బావ సంఘం వాళ్లకు నాలుగుసార్లు సద్ది మోశాడు, అంతే. ఆ సద్ది మూటే మెడకు చుట్టుకుంటుందని మా అత్త భయపడింది. "తమ్మీ, వీడు నీ తాన ఉంటెనే నాకు కన్ను మూతపడ్తది" అని మా బాపుకు కబురు పంపి, కొడుకును తోలింది.

అలా వచ్చిన బావను మేం చూడటం కన్నా ముందు విన్నాం. కొత్త కిర్రు చెప్పులు. సందు మొదట్లో మోగితే ఇంట్లో కుక్క లేచి నిలబడేది. గడప దాటేటప్పుడు, తినేటప్పుడు, పడుకునేటప్పుడు తప్ప కాళ్ల నుంచి విడిచేవాడు కాదు. వాకిట్లో అన్నం తినేటప్పుడు కూడా పక్కనే పెట్టుకునేవాడు.

"బావా, వాటికి గూడ ఓ విస్తరెయ్యాల్నా?" అని అడిగాను ఒకరోజు.

"ఎయ్యి. నీ చేతి కూర తిని బతుకుతయో లేదో చూద్దం" అన్నాడు.

ఇక చెరువు దగ్గర జరిగిన గొడవకు వస్తాను. ఆ సాయంత్రం నాయనమ్మ అతనికి అన్నం పెట్టలేదు. నేనే పెట్టాను. ఇంత పంతం ఎందుకని బాపు అడిగితే అప్పుడు చెప్పాడు. వాళ్ల ఊళ్లో దొర ఉండే గడి ముందు నుంచి పోవాలంటే ఎవరైనా చెప్పులు విడిచి చంకలో పెట్టుకోవాల్సిందే. ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం పొలం నుంచి వస్తూ వాళ్ల నాయన మరిచిపోయాడు. దొర మనుషులు ఆ చెప్పులే ఆయన నెత్తి మీద పెట్టి, పొద్దు గూకేదాకా గడి ముందు ఎండలో నిలబెట్టారు. ఆ తర్వాత ఆయన పోయేదాకా మళ్లీ చెప్పులు తొడగలేదు. దొర పట్నానికి పారిపోయిన మర్నాడే బావ ఈ జోడు కుట్టించుకుని, గడి ముందు అటూ ఇటూ తిరిగాడట.

"మా అయ్య మీద ఒట్టేసిన మామా. ఎవలు ఇడువుమన్నా ఇడువను."

బాపు చుట్ట వెలిగించుకున్నాడు. ఊరికే ఉండే నోరు కాదు నాది.

"చెరువేమన్న దొరనా బావా?"

"దొర కాకపోతె చెప్పులు ఇడువుమని ఎందుకంటది?"

"చెరువు అనలె. మా నాయనమ్మ అన్నది."

"గట్లయితె గీ ఇంట్ల దొరసాని ఎవలో తెలిసింది" అన్నాడు బావ.

చీకట్లో మంచం మీద పడుకున్న నాయనమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

నిజానికి చెప్పుల అవసరం లేదని బాపు కూడా అనలేకపోయాడు. ఎండాకాలం చెరువు వెనక్కి జరిగినప్పుడు ఆ తడి నేలలో రైతులు పుచ్చతీగలు పెట్టి, చుట్టూ తుమ్మకంప నాటేవాళ్లు. వానలకు చెరువు నిండితే ఆ కంపంతా నీళ్ల అడుగునే ఉండిపోయేది. మళ్లీ వేసవిలో మేం దిగేది సరిగ్గా ఆ ముళ్ల మీదికే. పైగా బురదలో జెల్ల చేపలు. వాటి ముల్లు గుచ్చుకుంటే మగవాళ్లు కూడా అమ్మా అని ఏడ్చేవాళ్లు. అయినా మావాళ్లందరూ ఉత్త కాళ్లతోనే దిగేవాళ్లు. బురదలో చేప ఎక్కడుందో చెప్పేది అరికాలే కదా!

నాయనమ్మ కోపాన్ని లెక్కచేయకుండా బావ మర్నాడు కూడా చెప్పులతోనే దిగాడు. పొద్దెక్కేసరికి తోలు నాని బూరెలా ఉబ్బింది. బురద ఒక కాలిని పట్టుకుంది. బావ గుంజాడు. కాలు వచ్చింది, చెప్పు రాలేదు. వంగి చేతులతో వెతికాడు. ఇద్దరం కలిసి వెతికాం. చివరికి బాపు విసిరిన వలలో, ఎండ్రకాయతో పాటు పైకొచ్చింది.

"బాపూ, మా బావకు మొదటి చేప పడ్డది! కూర వండాల్నా, ఎండబెట్టాల్నా?" అని అరిచాను. చెరువులో ఉన్నవాళ్లంతా నవ్వారు.

ఎండబెట్టడమే అయింది. చేపలు ఆరబోసిన చోటే చెప్పులు కూడా పెట్టాడు. చేపల వాసన పట్టిన తోలు కదా, మా కుక్క ఒకదాన్ని నోట కరుచుకుని ఎటో పోయింది. అందుకు దాన్ని తప్పు పట్టలేం. మిగిలిన ఒంటి చెప్పు తొడుక్కునే బావ రెండు రోజులు తిరిగాడు.

"ఒట్టు సగం నిలబడ్డది" అన్నాను.

అదే ఒంటి చెప్పుతో అబ్దుల్లాపూర్‌మెట్ దాకా నడిచిపోయాడు. ఆ బాట మీద మిలిటరీ లారీలు తెగ తిరుగుతున్నాయి. పగిలిన టైరు ఒకటి గుంతలో పడేసి పోయారని ఎవరో చెప్పారట. దాని ముక్క భుజాన వేసుకుని, నల్లగా మసిబొగ్గులా తిరిగొచ్చాడు. మా వాడకట్టు పక్కన చెప్పులు కుట్టే తాత ఒకాయన ఉండేవాడు. కత్తి మూడుసార్లు నూరుకుని ఆ ముక్కను కోశాడు. మడమ చుట్టూ వచ్చేలా పట్టీలు వేసి, బురద కాదు కదా దయ్యం గుంజినా ఊడకుండా బిగించి ఇచ్చాడు.

బావ వాటిని తెచ్చి నాయనమ్మ ముందు పెట్టాడు. "అమ్మమ్మా, ఇది తోలు గాదు. వాసన చూడు."

నాయనమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "తోలు గాదు. ఏందో కిరసనాయిలు వాసన. దీని సంగతి గంగమ్మకు తెల్వది. పో" అంది.

టైరు చెప్పులు ఊడలేదు. ముళ్లు దిగలేదు. కానీ ఒక్కొక్కటి ఇటుకంత బరువు. అడుగు ఎత్తితే బుడుంగుమని, వేస్తే దభీమని చప్పుడు. బావ ఒక మూల దిగితే చేపలన్నీ ఇంకో మూలకు.

"అల్లుడా, నువ్వు చేపలు పడ్తున్నవా, నేనొస్తున్న పోండ్రని చెప్పి పంపుతున్నవా?" అన్నాడు బాపు.

అయినా బావ వదల్లేదు. వదిలేలా చేసింది వేరే సంగతి.

ఒక పొద్దున మిలిటరీ లారీ ఒకటి కట్ట మీద ఆగింది. ఇంజనుకు నీళ్లు కావాలి కాబోలు, ఒక సిపాయి డబ్బా పట్టుకుని దిగాడు. నేను ఒడ్డున చేపలు ఏరుతున్నాను. సిపాయి నీళ్ల దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. కింద తడి మట్టిలో లారీ టైరు అచ్చులు, ఒకటి విడిచి ఒకటి, వంకరటింకరగా నేరుగా చెరువులోకి పోతున్నాయి. డబ్బా కింద పెట్టి ఇంకో ఇద్దరిని పిలిచాడు. అందులో మీసాలాయన ఒకడు నీళ్లలో ఉన్న బావ వైపు చూసి కేకేశాడు.

"ఏ గాడీ కిధర్ గయీ?"

ఈ బండి ఎటు పోయిందని. ఎగతాళికి అడిగాడో, నిజంగానే అడిగాడో తెలియలేదు. బావ నడుము లోతు నీళ్లలో అలాగే బిగుసుకుపోయాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. బాపు గబగబా బయటికి వచ్చి తనకొచ్చిన తురక మాటల్లో, "గాడీ యేహీ హై సాబ్" అని, అంటే బండి ఇదేనని, బావను చూపించి, "కాలు లేపురా" అన్నాడు. బావ కాలెత్తాడు. నీళ్లు కారుతున్న టైరు చెప్పు పైకొచ్చింది.

కుర్ర సిపాయిలు పడీ పడీ నవ్వారు. మీసాలాయన నవ్వలేదు. టైరు ఎక్కడిదన్నాడు. పగిలింది, గుంతలో పడేసింది అని బాపు చెప్పాడు. ఇతనిది ఏ ఊరన్నాడు. బావ నోరు తెరిచేలోపే, "మేరా భాంజా సాబ్, మేరే ఘర్‌మే రహతా" అన్నాడు బాపు. నా మేనల్లుడు, నా ఇంట్లోనే ఉంటాడు అని. మీసాలాయన బావను కింది నుంచి పైదాకా చూస్తూ ఉండిపోయాడు. ఇంతలో డబ్బా పట్టుకున్న సిపాయి బావ వైపు తిరిగి లారీ హారన్‌లా "పాం పాం" అన్నాడు. అప్పుడు ఆయన కూడా నవ్వేశాడు. మా గంపలోంచి రెండు మంచి చేపలు ఏరుకుని వెళ్లిపోయారు.

లారీ కనుమరుగయ్యాక బావ ఒడ్డుకొచ్చి కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనకుండానే, తనే పట్టీలు విప్పి, ఇంటికి పోయి ఆ టైరు చెప్పులను పెంటకుప్పలో లోతుగా పాతిపెట్టాడు.

"ఒట్టేసింది చెప్పులకు. టైర్లకు గాదు" అన్నాడు నా వైపు చూడకుండా. నవ్విద్దామనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజంతా నేను అతన్ని ఏడిపించలేదు. నాయనమ్మ నా నుదురు పట్టి చూసి, జరమొచ్చిందా అని అడిగింది.

తర్వాత ఉత్త కాళ్లతోనే దిగాడు. రెండో నాటికే తుమ్మముల్లు అరికాలి నడుమ విరిగింది. నాయనమ్మ జిల్లేడు పాలు పోసి, పిన్నీసుతో గెలికి తీసింది. ఆమె తీస్తున్నంతసేపూ బావ పళ్లు బిగబట్టి, "అమ్మమ్మా, గంగమ్మకు నా మీద కోపం పోలేదా?" అంటున్నాడు. అతని కుంటుడు చూడలేకపోయాను. పాత గోనెసంచి ఒకటి విప్పి, అడుగుకు మడత మీద మడత వేసి, వల అల్లే దారంతో దగ్గర దగ్గరగా కుట్టాను. చేపను తడుముకోవడానికి వేళ్ల దగ్గర కొంచెం తెరిచి ఉంచాను. మడమకు కట్టుకోవడానికి తాళ్లు పెట్టాను. తీసుకెళ్లి అతని ముందు పడేశాను.

"ఏందివి?"

"చెప్పులు."

"గోనెసంచి."

"వడ్లు పోస్తె గోనెసంచి. కాళ్లకేస్కుంటె చెప్పులు."

తొడిగి చూశాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. "నా కాలి కొలత నీకెట్ల తెలిసింది?" అన్నాడు.

బురదలో అతని అడుగును జానతో కొలిచానని చెప్పడానికి నోరు రాలేదు. "గంత పెద్ద కాలు, కండ్లున్నోళ్లకు కనవడదా?" అనేసి లోపలికి పోయాను. నాయనమ్మ ఆ పూట నాకు రెండు ముక్కలు ఎక్కువ వేసింది.

గోనె చెప్పులు తడిసినకొద్దీ కాలికి అతుక్కున్నాయి. చప్పుడు లేదు, జారుడు లేదు. మొదటి రోజే బావ వేళ్లతో తడిమి ఇంత లావు కొర్రమట్టను పట్టాడు. ఆ సంబరంలో చేయి ముందూ వెనకా చూడకుండా బురదలో పెట్టాడు. జెల్ల ముల్లు బొటనవేల్లో దిగింది.

"చేతులకు గూడ కుట్టాల్నా బావా?" అని అరిచాను ఒడ్డు నుంచి.

మృగశిర కార్తె రావడానికి ముందు, వాళ్ల ఊరి క్యాంపు ఎత్తేశారని చెప్పడానికి మా అత్త వచ్చింది. బావ అప్పుడే చెరువు నుంచి వచ్చి, తడి గోనె చుట్టిన కాళ్లు బార్లా చాపి అరుగు మీద కూర్చున్నాడు. అత్త వాకిట్లోకి వచ్చి ఆ కాళ్లు చూసింది. చేతిలో మూట జారిపోయింది.

"అయ్యో నా కొడుకా! కాళ్లిరగ్గొట్టిన్రా? మిల్ట్రోళ్లు కొట్టిన్రా? నాకొక్క మాట చెప్పలేదేందిరా తమ్మీ!"

ఆమె నెత్తి కొట్టుకుంటూ ఏడుస్తోంది. బావ లేచి నిలబడి, "అవ్వా, నాకేం కాలె" అన్నా ఆమెకు వినపడటం లేదు. చివరికి నాయనమ్మ ఆమె భుజం పట్టి కుదిపింది.

"ఏడువకే పిచ్చిదానా. గవి కట్లు గావు. చెప్పులు."

"చెప్పులా?"

అత్త ముక్కు చీది, కొడుకు కాలు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. తాళ్లు విప్పి ఒక చెప్పు చేతిలోకి తీసుకుంది. కుట్లు గోటితో గీకి, రెండు చేతులా గుంజి చూసింది. తెగలేదు.

"ఎవలు కుట్టిన్రు?"

అందరూ నా వైపు చూశారు. నేను వల వైపు చూశాను.

"తమ్మీ, ఈ పిల్లకు సంబంధాలు చూస్తున్నవా?" అని అడిగింది అత్త.

"ఈ గడబిడల ఏం సంబంధాలక్కా."

"చూడకు" అంది.

ఆ మాటతోనే ఖాయమైంది. వానలు పట్టకముందే లగ్గం చేశారు. అత్తగారింటికి పోయాక, కొత్తలో ఒకరోజు బావ నాతో అన్నాడు: "ఆ గోనె గుచ్చుకొని ఆ ఎండలు పోయేదాక కాళ్లు దురదతోని చచ్చిన, తెలుసా?"

నాకు రోషం వచ్చింది. "గప్పుడే చెప్పకపోయినవ్?"

"చెప్తె ఇంకో జత కుడ్తవని భయమైంది" అన్నాడు.