పుస్తకంలో నూట పద్దెనిమిది కిలోలు

"నూట పద్దెనిమిది కిలోలే మే. బండి పుస్తకంలో ఉండాది, సూడు." మా ఆయన మంచం మీద పడుకునే ఈ మాట అంటారు. వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోతోంది.

కొండవాలు తోటల్లో తిరగడానికి, ఒక్కరు కూర్చోడానికి చేసిన పాతకాలపు మోటారుబండి అది. బొడిపెల టైర్లు, ఎత్తైన మడ్‌గార్డు. తమిళనాడు కంబంలో మా ద్రాక్షతోటకు కాలవ దాటి రాళ్ళదారిలో పైకెక్కాలి, అక్కడ స్కూటీ పనికిరాదు. ఆయనకు నడుములో డిస్కు జారింది. బండి నడపవద్దని మదురై డాక్టరు చెప్పాక తోట నా మీద పడింది. నడపడం నాకు వచ్చు. పడితే లేపడమే నావల్ల కావడం లేదు.

కాలవ దగ్గర రెండుసార్లు పడ్డాను. రెండోసారి కాలు కింద ఇరుక్కుంది. అరటిగెలల ట్రాక్టరు వచ్చి, ఇద్దరు మగవాళ్ళు దిగి లేపేదాకా ఎండలో అట్లాగే పడి ఉన్నాను. సాయంత్రానికి ఆ కబురు మరిది చెవిన పడింది, వెంటనే వచ్చాడు.

"వదినా, ఇది నీచేత ముడియాదు, నీవల్ల కాదు. తోట నాకు గుత్తకిచ్చేయండి."

మా ఆయన కాదనలేదు. "శుక్రవారం సెప్తాలే రా" అన్నారు. పందిరి కింద ఇన్నేళ్ళు నేను చేసిన చాకిరీ అంతా ఆ ఒక్క మాటతో పోయేలా ఉంది.

మర్నాడు బండిని తిన్నగా ద్రాక్ష మండీకి తీసుకెళ్ళి, పెట్టెలు తూచే కాటా మీదికి ఎక్కించాను. నూట యాభై ఒకటి చూపించింది. కాటా దగ్గరున్న ముసలాయన నవ్వి, "మోసేవాడికే తెలుసమ్మా కావడి బరువు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ ఎక్కువ బరువు ఎక్కడిదో అప్పుడు తట్టింది. మా ఇంట్లో ఆయుధపూజకు బండిని కడిగి, చందనం పెట్టి ఊరుకోరు. ఆవుకు కొత్త గంట కట్టినట్టు ఏటా ఏదో ఒక కొత్త ఇనుము బిగించాలి. బిగించింది విప్పితే ఇంటికి మంచిది కాదని మా అత్తగారి మాట. ఇరవై ఏళ్ళుగా ఒక్కటీ విప్పలేదు.

వెల్డింగు షాపులో దగ్గరుండి అన్నీ కోయించాను. ముందు కమ్మీ, దీపం చుట్టూ జాలీ పోగా, మిగిలిన కుప్పంతా వెనకవైపుదే. చీర చక్రంలో పడకుండా ఒక ఏడాది గార్డు. చంకలో బిడ్డతో ఎక్కితే కాలు జారకుండా ఇంకో ఏడాది ఇనప మెట్టు. పట్టుకోడానికి కమ్మీ, కూర్చోడానికి సీటు. అన్నీ నాకోసం పెట్టినవే. ఏడుపొచ్చింది, వెనకే కోపం కూడా వచ్చింది. నన్ను వెనక భద్రంగా కూర్చోబెట్టాలని ఇంత ఇనుము మోపారు గాని, ముందు కూర్చుంటానేమోనని ఒక్క పండగకైనా ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

శుక్రవారం మరిది వచ్చి కూర్చున్నాడు. వాకిట్లో వాడి ఎదురుగానే బండిని నేల మీద పడుకోబెట్టాను. వీపు సీటుకు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి లేపాను. మొదటిసారి చెయ్యి జారింది. వాడు గొంతు సవరించుకున్నాడు. రెండోసారి బండి లేచి నిలబడింది.

"సరి, నువ్వే సూసుకో వదినా" అని లేచి వెళ్ళిపోయాడు.

మా ఆయన గోడ పట్టుకుని మెల్లగా గడప దాకా వచ్చారు. నన్ను మెచ్చుకుంటారేమో అనుకున్నాను. ఆయన చూపు నా మీద లేదు, బండి వెనక్కి పోయింది. అక్కడ ఉత్త మడ్‌గార్డే ఉంది.

"మరి నేనేడ కూసునేది మే?" అన్నారు.

ఆయన తోట చూసి అయిదు నెలలయింది. బరువు తగ్గించే ఆవేశంలో ఆ సంగతే నాకు గుర్తు రాలేదు.