సెసిల్ వేడిచేసి ఉంచిన బండి

కొలెట్ మిషో ఈ వసంతంలో పోయినప్పుడు గది నిండా మనుషులే. ఎవరినీ బయటికి పంపొద్దని ఆమె ముందే చెప్పి పెట్టింది. అలా ఎందుకు చెప్పిందో ఆమె తమ్ముడు గేబ్‌కు తెలుసు.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు ఉత్తరపు కొసన, నది దాటితే కెనడా అనే చోట, బంగాళాదుంపల చేలల్లో పెరిగిన పిల్ల ఆమె. ఊరి ఆసుపత్రిలో నర్సుగా చేరి, అక్కడే నర్సులందరికీ పెద్దయింది. ఒక చలికాలం తాగొచ్చిన కొడుకొకడు తల్లి మంచం దగ్గర గొడవ చేసి, అడ్డుపడ్డ నర్సు దవడ విరగ్గొట్టాడు. మర్నాడే కొలెట్ ఒక కట్టడి పెట్టింది: అత్యవసర విభాగంలో మంచాల చుట్టూ ఉన్న పరదాల వెనక్కి ఇంటివాళ్లెవరూ రాకూడదు. నర్సులు ఊపిరి పీల్చుకున్నారు.

కొన్నేళ్లకు, జనవరిలో ఒక ఉదయం, గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తూ ఆమే రక్తం కక్కుకుంది. గేబ్ తన బండిలో వేసుకొచ్చాడు. కడుపులో పుండు పగిలిందన్నారు. రక్తం ఎక్కిస్తూ మంచం చుట్టూ పరదా లాగారు. ఎన్ని దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. చచ్చిపోతానేమోనని మొదటిసారి అనిపించింది. తమ్ముడు పక్కనుంటే బాగుండుననిపించింది. అడగడానికి నోరు రాలేదు.

ఆమె అడక్కుండానే డార్లీన్ అనే నర్సు గేబ్‌ను లోపలికి తీసుకొచ్చింది. "రా, కూర్చో. మేడమ్ తమ్ముడివి, నిన్నెవరాపుతారు?"

"అక్కా, నా బండి సీటంతా పాడుచేశావు. లేచాక నువ్వే కడగాలి," అన్నాడు గేబ్.

"నోర్ముయ్‌రా," అంది కొలెట్, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని.

పక్క పరదా వెనక ఒక ముసలి గొంతు ఆయాసపడుతోంది. "సెసిల్ ఏదీ? రమ్మనండి."

బడి బస్సు నడిపిన రోలాండ్ గొంతది. సెసిల్ అతని భార్య.

"బయటే ఉంది తాతా. మాస్కు తియ్యకు," అంటోంది డార్లీన్.

తను ఒక్క మాట చెబితే సెసిల్ లోపలికి వస్తుంది. కానీ కట్టడి మాటెత్తితే గేబ్‌ను కూడా పంపేస్తారేమో. కొలెట్ కళ్లు మూసుకుంది. ముసలాయన మళ్లీ అడిగాడు. మళ్లీ అడిగాడు. ఈసారి మాట సగంలోనే తెగింది.

"డార్లీన్! సెసిల్‌ని పిలు!" అని అరిచింది కొలెట్.

"మేడమ్, మరి కట్టడి..."

"పెట్టింది నేనే. ఇప్పుడు తీసేశాను. పరుగెత్తు!"

బయట కుర్చీలో సెసిల్ లేదు. లోపలికి ఎలాగూ రానివ్వరు కదా అని ఎటో వెళ్లిందన్నాడు తలుపు దగ్గర కాపలావాడు. డార్లీన్ ఆమెను వెతుకుతుండగానే పక్క పరదా వెనక గుండె కొట్టుకోవడం చూపే యంత్రం కూత పెట్టింది. డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. చాలాసేపు తంటాలు పడ్డారు. తర్వాత ఎవరో యంత్రం ఆపేశారు.

అప్పుడొచ్చింది సెసిల్, డార్లీన్ వెంట. బూట్లకు మంచు, చేతిలో బండి అద్దం గీకే చెక్క. డార్లీన్ దారిలో ఏమీ చెప్పలేకపోయినట్టుంది.

"రోలాండ్, బండి వేడిచేసి ఉంచాను. అద్దం మీద మంచు కూడా గీకేశాను. డాక్టరు ఇంటికి పొమ్మన్నాడా? లే, వెళ్దాం."

కొలెట్ తమ్ముడి చేతిలోంచి తన చెయ్యి లాక్కుంది. "వెళ్లరా. ఆవిడ దగ్గర నిలబడు."

మధ్యాహ్నానికి సెసిల్‌ను ఎవరో ఇంటికి తీసుకెళ్లారు. ఆమె బండి మాత్రం ఆవరణలో ఇంజను ఆగకుండా నిలబడే ఉంది, లోపల వెచ్చగా, ఖాళీగా. గేబే వెళ్లి ఆపాడు.