ముందు ఫెయిల్ చూపియ్

మా ఓపెన్ సోర్స్ ఫైల్‌సిస్టమ్‌కు, అంటే కంప్యూటర్లో ఫైళ్లు భద్రపరిచే ప్రోగ్రాంకు, టెస్టులు నడిపే అక్కది లాలాగూడ. టెస్టు పాసైతే ఆమెకు నమ్మకం కుదిరేది కాదు. "ముందు ఫెయిల్ చూపియ్" అంటూ కోడ్‌ను కావాలనే చెడగొట్టి చూసేది.

నా కోడ్ విడుదల రోజున టెస్టులన్నీ పాసై తెర మీద పచ్చగా వచ్చాయి. బోయిగూడ కిరాణా కొట్టులో పెరిగినవాణ్ణి, బేరం మానతానా?

"అక్కా, ఈ ఒక్కసారి చెడగొట్టకు."

"మీ దుకాణంల ఖాళీ కాంటా చూడకుంటనే తూకమేస్తరా? ఆగు జెర."

నా కోడ్‌లో ఫైల్ సేవ్ చేసే లైనే తీసేసింది. అయినా అన్నీ పచ్చగానే వచ్చాయి! టెస్టులు ఇంకా పాత ప్రోగ్రాం మీదే నడుస్తున్నాయి. నా కోడ్‌ను అవి ముట్టనే లేదు. ఇలాగే విడుదల చేసుంటే జనం ఫైళ్లు ఏమయ్యేవో!

అక్క టెస్టులను కొత్త ప్రోగ్రాం వైపు తిప్పింది. తెర నిండా ఫెయిల్ ఎరుపు.

"హమ్మయ్య! గిప్పుడు పెట్టు నీ లైను."

పెట్టాను, అన్నీ పాసయ్యాయి. కానీ నేను అక్కకు చాయ్ తాగించింది మాత్రం ఆ ఎరుపు చూపించినందుకే.