ఎన్ని బారల నీళ్ళు

మా ఊళ్ళో దూరం అడిగితే లోతు చెబుతారు. బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున పల్లె మాది. ఇవాళ ఎంతదాకా పోయారని అడిగితే మా నాన్న "ఎనిమిది బారల నీళ్ళదాకా" అనేవాడు. రెండు చేతులూ బార్లా చాపితే ఒక బార. తాడుకి సీసపు గుండు కట్టి నీళ్ళలోకి వదిలి, మునిగిన తాడుని బారలతో కొలిచేవాళ్ళు. చేపలు కిలోమీటర్లు చూసుకుని తిరగవు, లోతు చూసుకుని తిరుగుతాయి. ఇక మాకు కిలోమీటర్లతో పనేముంది?

ఆరో తరగతికి బాపట్ల బడిలో చేరాను. లెక్కల సారు దూరాల పాఠం చెబుతూ, మీ నాన్న పడవ ఎంత దూరం పోతుందమ్మా అని నన్ను అడిగారు. "ఎనిమిది బారలండి" అన్నాను ఠక్కున. క్లాసంతా విరగబడి నవ్వింది. ఎనిమిది బారలంటే మా బడి వరండా పొడవు కూడా ఉండదు మరి. "దూరం అడిగితే లోతు చెబుతావేంటమ్మా" అని సారు కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను చెప్పింది తప్పు కాదన్న పట్టుదల ఆ రోజు మనసులో పడిందంటే, ఎమ్మెస్సీ దాకా వదల్లేదు. మా పల్లెలో ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసిన మొదటి మనిషిని నేనే. ఈ మాట అడగనివాళ్ళకి కూడా చెబుతుంటాను.

తెనాలిలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు సాపేక్ష సిద్ధాంతం మీద మనసు పడింది. ప్రాజెక్టు అందులోనే చేస్తానని పట్టుబట్టాను. మా ప్రొఫెసర్ గారు కాదనలేదు గానీ మెలిక పెట్టారు.

"వన్-ఫార్మ్ అంటే ఏంటో సోమవారం సెమినార్లో చెప్పమ్మా. క్లాసుకి అర్థమైతే ప్రాజెక్టు నీది. లేదంటే బుద్ధిగా ఎలక్ట్రానిక్స్ తీసుకో."

నిర్వచనం కంఠతా వచ్చు. వెక్టర్‌ని ఇస్తే ఒక సంఖ్యను తిరిగిచ్చేది వన్-ఫార్మ్. సాపేక్షతలో చూసేవాడి వేగాన్ని బట్టి పొడవులూ మారతాయి, కాలమూ మారుతుంది. ఈ సంఖ్య మాత్రం ఎవరు లెక్కగట్టినా ఒకటే. అంతవరకూ బాగానే ఉంది. దాన్ని బోర్డు మీద గీయడమెలా? శుక్రవారం ప్రొఫెసర్ గారి గదికి వెళ్ళి ఒక బాణం గీసి చూపించాను. వెక్టర్‌ని బాణంలా గీస్తాం కాబట్టి దీన్నీ అలాగే గీయాలనుకున్నాను. సారు తల అడ్డంగా ఊపారు.

"బాణం కాదమ్మా ఇది. బాణాన్ని కొలిచేది."

ఎలక్ట్రానిక్స్ తప్పదనుకుంటూ శనివారం రైలెక్కాను. ఇంటికి చేరేసరికి నాన్న గుమ్మం ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. "ఏంటమ్మా అట్టా ఉన్నావు?" అన్నాడు. పాఠం అర్థం కావట్లేదన్నాను. ఆయన ఆ జోలికి పోకుండా, నా ధ్యాస మళ్ళించడానికి కాబోలు, చేపల వేట కబుర్లు మొదలుపెట్టాడు.

"పొద్దున్నుంచీ తిరిగీ తిరిగీ నడుం పడిపోయిందమ్మా. ఎంత తిరిగినా ఆరు బారల్లోనే ఉన్నాం. ఒడ్డు వెంబడే పోయాం గదా."

చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాను. పడవ కదలిక ఒక బాణం. ఒకే లోతున్న చోట్లని కలుపుతూ, ఒక్కో బారకి ఒక్కో గీత చొప్పున సముద్రమంతా గీతలున్నాయనుకుంటే, బాణం ఎన్ని గీతలు దాటిందన్నదే లెక్క. ఒడ్డు నుంచి నేరుగా లోపలికి ఎనిమిది బారల నీళ్ళదాకా పోతే ఎనిమిది. ఆరు బారల గీత మీదే ఒడ్డు వెంబడి రోజంతా తిరిగితే, కొత్తగా దాటింది సున్న. ఆ గీతల వరసే వన్-ఫార్మ్. దాన్ని బాణంలా గీశానే, నా మొహం.

"నాన్నా, ఎంతదాకా పోయామన్నావు?"

"ఆరు బారలని చెప్పానా? చెవులు తెనాల్లో పెట్టొచ్చావా ఏంటి?"

సోమవారం బోర్డు మీద ఒడ్డు గీసి, గీతలు గీసి, పడవని పెట్టాను. ఇప్పుడు రేపల్లె కాలేజీలో పాఠం చెబుతూ ఏటా గీసే బొమ్మ అదే. ఆ రోజు మా సారు ఊరికే వదల్లేదు.

"సముద్రం అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది. నీ గీతలు తిన్నగా ఎందుకున్నాయి?"

"ఒక్క చోటుని బాగా దగ్గరగా చూస్తే తిన్నగానే ఉంటాయండి. వన్-ఫార్మ్ ఆ ఒక్క చోటుదే."

"పక్కన ఇంకో పడవలో పోయేవాడు నీ పడవ కదలికని కొలిస్తే?"

"ఆయన కొలతలు వేరండి. పడవ దాటిన గీతలు మాత్రం అన్నే."

సారు లేచి బోర్డు దగ్గరికి వచ్చారు. "ఈ బొమ్మ ఏ పుస్తకంలోది?"

"పుస్తకంలోది కాదండి. మా ఊళ్ళో దూరం ఇట్టాగే చెబుతారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. "ప్రాజెక్టు మొదలుపెట్టమ్మా" అన్నారు సారు. బయటికి రాగానే నాన్నకి ఫోన్ చేశాను. ప్రాజెక్టంటే ఆయనకి తెలియదు. పాఠం బాగా చెప్పానన్నాను.

"ఎంతదాకా పోయావేంటి?" అన్నాడు.

"ఎనిమిది బారలు నాన్నా."

"అయితే లోపలికే పోయావమ్మా" అన్నాడు.