ఇసుకలో మామ నిలబెట్టిన వరుస

మొన్న ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని నడుము వాల్చానో లేదో, మా మనవరాలు ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. ఎక్కడో సముద్రాల అవతల కర్రతో బంతిని కొట్టే బేస్‌బాల్ అనే ఆట ఒకటి ఉందట, అందులో పెద్ద జట్టు కింద పిల్లలు ఎదిగే చిన్న జట్లు ఉంటాయట, ఆ చిన్న జట్లలో రేపు పైకి వచ్చేవాళ్లెవరో ఒకాయన టోపీ పెట్టుకుని తీరిగ్గా కూర్చుని, ఒకటోవాడు వీడు, రెండోవాడు వీడు అని చెప్పుకుపోతున్నాడు. ఒకడికి చెయ్యి బలమేనట కానీ మోకాలు మంచిది కాదట, ఇంకొకడికి చూపు బాగుందట కానీ ఓపిక లేదట. ఆటలంటే చెవి కోసుకునే మనవరాలు అదంతా నాకు తెలుగులో విడమరిచి చెబుతుంటే కాసేపు విని, ఈ టోపీ ఆయన ఆ పిల్లల్లో ఎవరికైనా మేనమామ అవుతాడా అని అడిగాను. అది పడీ పడీ నవ్వింది. నేను నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో సిరొంచ ఇసుకలో మోకాళ్లు చీరుకుపోయేలా ఆడిన నా ఈడువాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతాను.

మా చిన్నతనంలో, ప్రాణహిత ఒడ్డున ఉన్న మా సిరొంచలో ఒక కబడ్డీ మండలి ఉండేది. దానికీ పెద్ద జట్టు, చిన్న జట్టు అని రెండు. పెద్ద జట్టు అహేరి దాకా వెళ్లి ఆడి వచ్చేది, పడవెక్కి నది దాటి అవతలి ఒడ్డు ఊళ్లలోనూ ఆడేది. చిన్న జట్టు మాత్రం వడ్లు ఇళ్లకు చేరి నది సన్నబడ్డాక బయటపడే ఇసుకలో సాయంత్రాలు ఆడుకుంటూ, పెద్ద జట్టులో ఎవరి మోకాలు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూస్తూ ఉండేది. ఎండలు ముదరబోయే ముందు ఒక సాయంత్రం వరుస నిలబెట్టడం అనే ఆచారం జరిగేది. చిన్న జట్టు పిల్లలందరం ఇసుకలో గీసిన గీత మీద నిలబడితే, మమ్మల్ని చూసుకునే పెద్దమనిషి మాటా పలుకూ లేకుండా వెనకనుంచి వచ్చి, భుజం పట్టుకుని ఒకణ్ణి ముందుకు, ఒకణ్ణి వెనక్కు జరుపుతూ పోయేవాడు. ఆయన చేతులు దులుపుకునేసరికి ఎవడు ఎక్కడుంటే ఆ ఏడాదికి వాడి చోటు అదే. ముందున్న ఏడుగురూ ఆడతారు, పెద్ద జట్టులో ఖాళీ వస్తే అందరికన్నా ముందున్నవాడు ఎక్కుతాడు, ఏడుగురి తర్వాతివాళ్లం బట్టలు మడతపెట్టి పట్టుకుంటాం. అంకిస నుంచి సైకిళ్ల మీద వచ్చినవాళ్లు, చేపల గంపలు దించుకుని కూర్చున్న ఆడవాళ్లు, బజారులో కుట్టుమిషన్లు ఆపి వచ్చిన దర్జీలు, అందరూ ఒడ్డున చేరి ఎవడి కాలు ఎంత, ఎవడి దమ్ము ఎంత అని తగువులాడుకునేవాళ్లు. ఆ సాయంత్రం తర్వాత కొందరి ఇళ్లలో పొయ్యి మీదికి కోడి ఎక్కేది, కొందరి ఇళ్లలో వండిన అన్నం కూడా చల్లారిపోయేది.

ఆ పెద్దమనిషి మా మేనమామ, అమ్మకు స్వయానా తమ్ముడు. పెద్ద జట్టులో ఆయన ఒకప్పుడు కాలు పట్టుకుంటే విడిపించుకున్నవాడు లేడని చెప్పేవాళ్లు. మోకాలు పోయాక చిన్న జట్టు ఆయన చేతికి వచ్చింది. పొద్దంతా బజారులో వడ్లు తూకం వేసేవాడు. ఆయన తక్కెడ పట్టుకున్నాడంటే అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ అటు తిరిగి బీడీ ముట్టించుకునేవాళ్లు, అంత నమ్మకం. అయితే మా వడ్లు తూచేటప్పుడు మాత్రం తక్కెడ ఎప్పుడూ కొనేవాడి వైపే మొగ్గేది. అక్క వడ్లకు మొగ్గు చూపాడని ఎవరైనా అంటారేమోనని, ఎవరూ ఏమీ అనకముందే, ఆయన మా గింజల్లోంచి కాస్త ఎదుటివాడికి జార్చేవాడు. అమ్మ అది చూసి మురిసిపోయేది కూడా, నా తమ్ముడు అసుంటి మనిషి అని. ఆ మురిపానికి మేము ఎంత చెల్లించబోతున్నామో అప్పుడు ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

నాన్న నా చిన్నప్పుడే జ్వరంతో పోయాడు. బామ్ని ఊరి దగ్గర మాకున్న పొలం నది దయ మీద పండేది, నది కోపం మీద కొట్టుకుపోయేది. అందుకే కబడ్డీ నాకు సరదా కాదు, దారి. జిల్లా జట్టుకు ఎంపికైన పిల్లలకు ఉండడానికి చోటు, తినడానికి తిండి, ఆ తర్వాత సర్కారు నౌకరీ దొరుకుతుందని మా వైపు అందరికీ తెలుసు. ఆ దారి నాకు చూపించింది మామే అని చెప్పకపోతే పాపం. తెల్లవారకముందే నన్ను లేపి నదిలో మెడలోతు నీళ్లలో నిలబెట్టి, తల ముంచి దమ్ము బిగబట్టమనేవాడు. ఊపిరి ఆగక తల ఎత్తితే నెత్తి మీద చెయ్యి పెట్టి మళ్లీ ముంచేవాడు. కాలు అందకుండా ఎట్లా తిరగాలో, పట్టుకున్నవాడి మణికట్టు ఎక్కడ బలహీనమో, ఎవడు భయపడుతున్నాడో వాడి పాదాలు చూసి ఎట్లా కనిపెట్టాలో, అన్నీ ఆయన నేర్పినవే. కొన్నాళ్లకు చిన్న జట్టులో నా దమ్ముకు ఎదురు లేకుండా పోయింది. బియ్యం మిల్లు ఆయన కొడుకు ఒకడుండేవాడు, ఎద్దు లాంటి మనిషి, వాణ్ణి సాయంత్రానికి ఎన్నిసార్లు ముట్టుకుని వచ్చేవాణ్ణో లెక్కలేదు.

అయినా ఆ ఏడాది వరుసలో మిల్లు ఆయన కొడుకు అందరికన్నా ముందు నిలబడ్డాడు. నా భుజం మీద మామ చెయ్యి పడింది, వెనక్కు, ఇంకా వెనక్కు జరిపింది. నేను ఎనిమిదోవాడినయ్యాను. ఏడోవాడు నా దోస్తు, బజారులో కుట్టుపని చేసే ముసల్మాను ఇంటి అబ్బాయి, వాడే సిగ్గుపడి గీత దిగబోతే మామ కళ్లతోనే గద్దించాడు. ఇంటికి వచ్చేటప్పుడు వాడు నా చెయ్యి పట్టుకుని, "జర సబర్ పట్టు భాయ్, మామనే గద, వచ్చేయేడు నువ్వే ముందుంటవు" అన్నాడు. మామనే గద అన్న మాట వాడు ధైర్యానికి అన్నాడు కానీ, అసలు గొడవ అక్కడే ఉందని ఇద్దరికీ తట్టలేదు. వచ్చే ఏడూ ఎనిమిదే. ఆ పై ఏడూ ఎనిమిదే.

కారణం చివరికి అమ్మ రాబట్టింది. మామకు ఒక్కతే కూతురు, నాకన్నా చిన్నది, పుట్టిన రోజునే ఆమె నాకని ఇంట్లో అనుకున్నారు. ఆ సంగతి మా ఇంట్లోనే ఉంటే బాగుండేది, మా వైపు అటువంటి సంగతులు ఉయ్యాల ఆగకముందే ఊరంతా తిరిగి వస్తాయి కదా. మూడో ఏడు వరుస అయ్యాక అమ్మ నేరుగా తమ్ముడి ఇంటికి వెళ్లి అడిగింది. నేను వాకిట్లో నిలబడి ఉన్నాను. ఆయన గొంతు తగ్గించి, "అక్కా, వాడు రేపు నా ఇంటల్లుడైతడని ఊరందరికి ఎరుకే. వాన్ని ముందు నిలవెడితే బిడ్డ కోసం చేసిండంటరు. నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు. అమ్మ లేచి, "నీ ఇజ్జత్ నువ్వే దాసుకో తమ్మీ. నా కొడుకు బతుకు ఎవలు జూస్తరు?" అని వచ్చేసింది. వడ్ల విషయంలో మురిసిపోయిన మనిషే ఆ మాట అన్నది.

ఆ వేసవిలోనే జిల్లా జట్టుకు పిల్లల్ని ఏరడానికి ఒక పెద్దమనిషి మా ఊరికి వచ్చాడు. మరాఠీ మాట్లాడే మనిషి, మంచివాడే. ఆయన నిజానికి మా ఆట చూడాలనే వచ్చాడు, మేమంతా ఇసుకలో గీతలు కూడా గీసి ఉంచాం. కానీ మా ఊరివాళ్లు ఉంటారే, ఆయన బస్సు దిగింది మొదలు మామ గురించే చెప్పారు. ఈయన మాటంటే మాటేనని, తక్కెడ తప్పినా ఈయన తప్పడని, కన్న కొడుకైనా ఈయనకు ఒకటే పరాయివాడైనా ఒకటేనని. అంతా విన్న ఆ పెద్దమనిషి ఎండను చూసి, వాచీ చూసుకుని, అట్లా అయితే ఇంక ఆడించడం దేనికి, మీ వాళ్లలో పైకి వచ్చేవాళ్లెవరో వరుసగా మీరే చెప్పండి అన్నాడు. మామ చెప్పాడు. మిల్లు ఆయన కొడుకుతో మొదలుపెట్టి, నా దోస్తు దాకా చెప్పి ఆగాడు. నేను ఆయనకు రెండు బారల దూరంలో నిలబడి ఆయన నోటినే చూస్తున్నాను. ఇంకెవరైనా ఉన్నారా అని ఆ వచ్చినాయన అడిగాడు కూడా. "లేరు సార్, ఇగ అంతే" అన్నాడు మామ, నా వైపు తిరగకుండా.

అట్లా వాళ్లు వెళ్లారు, నేను ఉండిపోయాను. అందరికీ నౌకరీలు రాలేదు కానీ మిల్లు ఆయన కొడుక్కి వచ్చింది, నా దోస్తుకు కూడా వచ్చింది, వాడు మొదటి సెలవుకు వచ్చినప్పుడు నాకు ఎదురుపడలేక వేరే సందులోంచి పోయాడు. నేను ఎండాకాలం బీడీల తునికాకు కల్లాల్లో కట్టలు ఎండబెట్టాను, వానాకాలం నారు పీకాను, కొన్నేళ్లు అహేరి బజారులో బస్తాలు మోశాను. దమ్ము గట్టిదని హమాలీ పని చూపించిన మేస్త్రీ కూడా మెచ్చుకున్నాడు. ఎన్నో తెల్లవారుజాములు నదిలో ముంచి ముంచి నేర్పిన దమ్ము అట్లా అక్కరకు వచ్చింది.

ఇంకో సంగతి చెప్పి ఆ ముచ్చట ముగిస్తాను. మామ కూతురి పెళ్లి ఈడు వచ్చింది. నన్ను ముందు నిలబెట్టకపోవడానికి నేను కాబోయే అల్లుణ్ణి కావడం కారణమైతే, అల్లుణ్ణి చేసుకోకపోవడానికి నాకు నౌకరీ లేకపోవడం కారణమైంది. పిల్లను మిల్లు ఆయన కొడుక్కే ఇచ్చాడు. పెళ్లికి పిలవడానికి మామ ఇంటికి వచ్చి చీర పెట్టబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆ ఏడు రాఖీ పున్నానికి తమ్ముడి ఇంటికి వెళ్లలేదు, బతికి ఉన్నన్నాళ్లూ మళ్లీ ఆ గడప తొక్కలేదు. తప్పు ఆమెదేనని ఊరు తేల్చింది.

అన్నిటికన్నా నాకు మండేది ఇది. మామ ముసలివాడయ్యాక మండలి వాళ్లు ఆయనకు శాలువా కప్పి సన్మానం చేశారు. మాట్లాడినవాళ్లందరూ, ఒక్కరు తప్పకుండా, సొంత మేనల్లుణ్ణే పక్కన పెట్టిన ధర్మాత్ముడని చెప్పారు. ఒకాయన ఉత్సాహం పట్టలేక, ఆ మేనల్లుడు ఇక్కడే ఉన్నాడని నన్ను లేచి నిలబడమన్నాడు. నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టారు, మామ గొప్పతనానికి సాక్ష్యంగా. ఆ చప్పట్లలో నా వంతు ఏమైనా ఉందా అని చుట్టూ చూశాను, ఒక్కడి కళ్లూ నా మీద లేవు.

ఆయన పోవడానికి కొన్నాళ్ల ముందు కబురు పంపితే వెళ్లాను. మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. అత్తమ్మ నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లగానే నా మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగి, "అల్లుడా, మొదటోనివి నువ్వేరా. అప్పుడే ఎరుక నాకు" అన్నాడు. ఆ మాట కోసం నేను నా బతుకులో సగం ఎదురుచూశాను. విన్నాక ఏడుపు వస్తుందనుకున్నాను, ఒళ్లంతా కోపం వచ్చింది. తెలియక చేశాడనే అన్నాళ్లూ మనసును సముదాయించుకుంటూ వచ్చాను, ఆ ఒక్క ఊరటా తీసేశాడు. ఇంతలో అత్తమ్మ చెంబుతో వచ్చింది. ఆయన నా చెయ్యి వదిలేసి, "ఈయేడు వడ్లు ఎట్లున్నయి?" అని అడిగాడు. కట్టుకున్న భార్య ముందు కూడా ఆ మాట అనలేకపోయాడు. వడ్లు బాగున్నాయని చెప్పి నీళ్లు తాగి వచ్చేశాను.

ఇప్పుడు నది మీద వంతెన ఉంది, పడవలు ఒడ్డున బోర్లా పడి ఉన్నాయి, ఇసుకలో వరుస నిలబెట్టే ఆచారం ఎవరికీ గుర్తు లేదు. పిల్లలు బస్సెక్కి అహేరి పోయి మెత్తటి పరుపుల మీద కబడ్డీ ఆడుతున్నారు, ఎక్కడినుంచో వచ్చినవాళ్లు గడియారం పట్టుకుని ఉరికించి, బరువు చూసి, పనికొస్తే ఉండమంటారు, లేకపోతే పొమ్మంటారు, పేరు కూడా సరిగ్గా పలకరు. నా ఈడువాళ్లు అది చూసి, మన కాలంలో పెద్దలు కన్నబిడ్డల్లా చూసుకునేవాళ్లని, ఇప్పుడు ఎవరికి ఎవరూ కాకుండా పోయారని బాధపడుతుంటారు. ఆ మాటకు నేను వాళ్లతో కలిసి తల ఊపలేను. మాకు ఊరినిండా అయినవాళ్లే ఉండేవాళ్లు. నేను ఎవరి కొడుకునో, ఎవరి అల్లుణ్ణో తెలియని మనిషి ఒక్కడు, ఒక్క సాయంత్రం, ఊరికే ఒడ్డున కూర్చుని నా ఆట చూసి ఉంటే చాలునని, ఈ వయసులోనూ అనుకుంటూ ఉంటాను.