బోరయ్య రంగు పూసిన తిమింగలాలు

బలసముద్రం ఊళ్లో బోరయ్య గొప్పలు తెలియనివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, ఆ లోటు బోరయ్యే తీరుస్తాడు. ఏడో క్లాసు ఒక్క దెబ్బకు పాసయ్యాడు. పావగడ సంతలో అతని పొట్టేలుకు మొదటి బహుమతి వచ్చింది. అప్పుడిచ్చిన స్టీలు బిందెలో నేటికీ నీళ్లు పొయ్యడు, వచ్చినవాళ్లకు చూపిస్తాడు. నలభై ఏళ్లు మూడు వందల గొర్రెలు మేపి, ఒక్కదాన్నీ పరాయి మందలో కలవనివ్వలేదు. మేత నేలంతా సోలార్ పలకల కిందికి పోయాక మందను అమ్మేసి, ఆ పలకలకే కాపలా చేరాడు. అదీ ఘనకార్యమే.

"గొర్రెలన్నా పరిగెత్తుతాయి. ఇవి యాడికీ పోవు. అయినా నన్నే పిలిచి కాపలా పెట్టినారు చూడప్పా!" అంటాడు.

ఈ ఏడు అతని మనవరాలు ధనుశ్రీ బడిలో విజ్ఞాన ప్రదర్శనకు కిల్లర్ వేల్ అనే తిమింగలాల మీద చార్టు చేసింది. బడి నుంచి పావగడ తాలూకు పోటీకి వెళ్లేది ఒక్క చార్టే. అది తనదే కావాలని ఆ పిల్ల నెల రోజులు బొమ్మలు గీసింది.

"దక్షిణ ధ్రువం పక్క సముద్రాల్లో వీటిలో నాలుగు రకాలు తాతా. ఏ, బీ, సీ, డీ. ఒకటి తిమింగలాల్నే తింటాది, ఒకటి మంచు మీద సీళ్లను, ఇంకొకటి చేపల్ని. ఒక రకం ఇంకో రకంతో కలవదు."

"సంబంధాలు గూడా కలుపుకోవా?"

"ఊహూ."

"అచ్చం మనూరే! టీ అంగట్లో భూమి సోలార్‌కు బాడుగకిచ్చినోళ్లు ఒక బెంచీ, పలకలు కడిగేటోళ్లు ఒక బెంచీ. టీ మాత్రం ఒకే పాత్రలోది."

ప్రదర్శన రోజు పొద్దున ధనుశ్రీ జడ వేయించుకోవడానికి వెళ్లింది. బోరయ్య ఊరుకుంటాడా? మందలు ఒకే మేత బీడుకు తోలేముందు ఎవరి గొర్రెలకు వాళ్లు వీపున రంగు పూస్తారు. అటక మీది డబ్బాలు దించి 'ఏ' రకానికి ఎరుపు, 'బీ' రకానికి పచ్చ, 'సీ' రకానికి పసుపు, 'డీ' రకానికి నీలం పూసేశాడు. సరిగ్గా వీపు రెక్క వెనక.

"తాతా! ఏం చేసినావు?"

"కలిసిపోకుండా గుర్తేసినా."

"అవి బొమ్మలు! యాడికి పోతాయి?"

"పలకలు మాత్రం యాడికి పోతాయి? కాపలా పెట్టలేదా?"

కొత్తది గీసే వేళ లేదు. ఏడ్చిన కళ్లతోనే పిల్ల బడిలో చార్టు పట్టుకుని నిలబడింది. పక్కన యూనిఫాంలో బోరయ్య.

ఎంచడానికి వచ్చినవాడు సోలార్ ఆఫీసరు గురురాజ్. ఫోను చూసి, చార్టు చూసి నవ్వాడు.

"ఏందిది, హోళీ ఆడినాయా? రెక్క వెనక బూడిద మచ్చ చూసే గుర్తుపడతారంట. దాన్నే పూసేసినారే! ఈ చార్టు పనికిరాదు."

ధనుశ్రీ చార్టు చుట్టబోయింది. బోరయ్య ఆపాడు.

"సార్, ఆ మచ్చ మందలో ఒకదాన్నించి ఇంకొకదాన్ని గుర్తుపట్టేదానికి. జాతి తెలిసేది కంటి కాడ. మీ ఫోన్లో ఏదన్నా చూపించండి."

గురురాజ్ వేళ్లతో వెతికి ఒక ఫొటో చూపించాడు.

"కంటి వెనక తెల్ల మచ్చ ఏటవాలుగా ఉండాది. సీ. చేపలు తింటాది."

ఇంకొకటి.

"మచ్చ ఉండీ లేనట్టుండాది, తల గుండ్రంగా ఉబ్బింది. డీ."

మూడోది, నాలుగోది కూడా తప్పలేదు. హెడ్‌మిస్ట్రెస్ పద్మాక్షి కళ్లద్దాలు సవరించుకుంది.

"సముద్రం చూడనోన్ని, మనవరాలు గీస్తాంటే చూసి నాలుగు రకాలు చెప్పినా సార్. మూడేండ్లుగా దినానికి రెండుసార్లు మీ కారుకు గేటు తీస్తాండా. నా పేరు చెప్పండి."

గురురాజ్ యూనిఫాం వైపు చూశాడు. "రంగప్ప... కదా?"

రంగప్ప రెండో షిఫ్టు కాపలాదారు. బోరయ్య కన్నా జానెడు పొడుగు, పైగా బట్టతల. బడి బడంతా గొల్లుమంది.

"రెండే రకాలుండామయ్యా గేటు కాడ," అన్నాడు బోరయ్య, "అవీ కలిపేసుకుంటే ఎట్లా?"

పద్మాక్షి ముందుకు జరిపిన ఎంపిక కాగితం మీద గురురాజ్ సంతకం చేశాడు. ధనుశ్రీ చార్టు రంగులతో సహా పావగడ బస్సెక్కింది.

మర్నాడు కారు గేటు దగ్గర ఆగింది. బోరయ్య యూనిఫాం భుజం మీద అరచేయంత ఎర్ర రంగు.

"బోరయ్యా, బాగుండావా?" అన్నాడు గురురాజ్, రంగు చూసి.

బోరయ్య గొప్పల్లో అదీ చేరింది. రెండో షిఫ్టుకు వచ్చిన రంగప్ప మాత్రం పచ్చ రంగు డబ్బా ఎక్కడుందని అడిగాడు.