నుసుములు, అరటి తొక్కలు

మా ఇంట్లో నుసుములు చేరింది మామకు కిడ్నీలు పోయిన ఏడాది. ఆవగింజంత కూడా ఉండని ఎర్రకళ్ళ ఈగలవి. నుసుములనే మాట మా అత్తది. అన్నం గిన్నె మూత తీస్తే నాకంటే ముందు అవే వాలేవి. టీ గ్లాసులో ఒకటి తేలకుండా తాగిన రోజు లేదు. గిద్దలూరులో మాది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మామ మంచం, వెనక వంట. నా భర్త పొద్దున్నే తాపీ పనికి పోతే ఇంట్లో మిగిలేది అత్త, మామ, నేను, ఆ ఈగలు.

నాకు ఈగను చూస్తే ఒళ్ళు మండుతుంది. పైగా మామ చేతికి డయాలసిస్ సూదులు గుచ్చిన చోట ఎప్పుడూ పట్టీ ఉండేది. అక్కడ చీము పడితే మళ్ళీ సూది గుచ్చడానికి చోటు దొరకదని మార్కాపురం ఆసుపత్రిలో నర్సు భయపెట్టి పంపింది. ఆ పట్టీ చుట్టూ నుసుములు తిరుగుతుంటే నేను పక్కన కూర్చుని విసనకర్రతో తోలుతూ ఉండేదాన్ని. మామ నవ్వేవాడు. "రాజుగారికి వింజామర ఇసురుతుండావా ఏంది అమ్మా" అనేవాడు. జీవితమంతా ఇంకొకరి మిరప చేలల్లో, బత్తాయి తోటల్లో కూలికి పోయిన మనిషి. మా ఇంట్లో ఆ ఒక్కడి నోటి నుంచే నవ్వు వచ్చేది.

స్ప్రే కొడితే మామకు దగ్గు తప్ప ఫలితం లేదు. పొద్దున చచ్చినవాటిని ఊడ్చి పారేస్తే సాయంత్రానికి అన్నీ మళ్ళీ హాజరు. చివరికి ఫోన్ ముందేసుకుని చదివాను. ఎగిరేవాటిని ఎన్నిటిని చంపినా దండగేనట. అవి పుట్టేచోటు ఇంట్లో ఎక్కడో ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. మెత్తబడిన పండు మీద, పులిసిన తొక్క మీద గుడ్లు పెడతాయి. తెల్లటి సన్న పురుగులు పుట్టి అదే తిని పెరిగి, వారం పది రోజుల్లో ఈగలై లేస్తాయి. బాత్‌రూం గోడ మీద వాలే బూడిదరంగువి వేరే జాతి, తూములోని జిగటలో పుడతాయి. ట్యాంకరు నీళ్ళతో బతికే వీధి మాది. తూము కడగడానికి నీళ్ళు పోసేంత దొరతనం ఎవరికీ లేదు. అయినా పట్టుబట్టి మరిగే నీళ్ళు పోసి, బ్రష్షుతో గీకాను. బూడిదరంగువి పోయాయి. ఎర్రకళ్ళవి కదల్లేదు.

ఉల్లిగడ్డల బుట్ట తిరగేశాను. చెత్తబుట్ట ఎండలో పెట్టాను. నాకు అర్థం కానిది ఒకటే. ఇంట్లో పండు అనేదే లేదు కదా!

పండ్లు లేకుండా చేసింది నేనే. అరటిపండు, బత్తాయి, కొబ్బరినీళ్ళు మామకు విషంతో సమానమని డాక్టరు చెప్పాడు. వాటిలో ఉండే పొటాషియాన్ని పాడైన కిడ్నీలు బయటికి పంపలేవు, అది రక్తంలో పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోతుంది అన్నాడు. మా వాళ్ళేమో జబ్బు మనిషిని చూడ్డానికి ఒట్టి చేతులతో రారు. చర్చి ఆడవాళ్ళు పండ్లు తెచ్చి, మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేసి, దిండు పక్కన పెట్టి పోయేవాళ్ళు. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే నేను ఆ పండ్లన్నీ పక్కిళ్ళకు పంచేసేదాన్ని. అత్త మూతి ముడుచుకునేది. "ప్రార్థన చేసిన పండ్లే అవి. దేవుని సన్నిధిలో పెట్టినవి నీకు చేదయినాయా?" అనేది. చేదు కాదత్తా, మామకు పడవు అంటే పెడముఖం పెట్టేది.

ఒక మధ్యాహ్నం విసిగిపోయి నేల మీద కూర్చుని ఆ ఈగలనే చూస్తూ ఉన్నాను. అవి ఎటు ఎగిరినా చివరికి మామ మంచం తలవైపు, గోడకు ఆనించిన పాత కుండ దగ్గరికే పోతున్నాయి. అంచు పగిలిందని వాడకుండా పడేసిన కుండ. పైన అత్త పాత చీర ముక్క కప్పి ఉంది. గుడ్డ తీయగానే నుసుములు ముఖం మీదికి లేచాయి. లోపల అరటి తొక్కలు, నల్లగా, ఒకదాని మీద ఒకటి. వాటి మీద తెల్లటి పురుగులు మెదులుతున్నాయి. మామ ఏం తింటున్నాడో అప్పుడు తెలిసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక కానుకలుగా వచ్చిన పంటల్ని, పండ్లని మా చర్చిలో వేలం పాట పెడతారు. అత్త ఆ పాటలో అరటి గెల నుంచి ఒక అత్తం పండ్లు కొని, కొంగు చాటున తెచ్చేది. పొద్దున్నే నేను ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడి ఉన్నప్పుడు ప్రార్థన చేసి, పండు తుంచి, సగం మామకు పెట్టి సగం తాను తినేది. తొక్కను చెత్తలో వేస్తే నేను చూస్తాను. పైగా దేవునికిచ్చిన పండు తొక్క మురుగులో పడకూడదు, ఎవరి కాలికిందా పడకూడదు. అది అత్త పట్టింపు. కుండ నిండాక మా వాళ్ళ సమాధుల దగ్గర పాతిపెట్టాలనుకుందట.

నేను కుండను గది నడుమ పెట్టి అరిచాను. అత్త బెదరలేదు.

"మిషను రక్తం పీలుస్తాది, పండు ప్రాణం పోస్తాది. ఇన్ని దినాలు మనిషి ఎట్ల ఉన్నాడనుకుంటివి? ఆ సూదుల వల్లనా?"

"అత్తా, పోయినసారి రక్తంలో పొటాషియం ఎందుకు పెరిగిందో డాక్టరుకే అంతు చిక్కలేదు. ఇదిగో, దీనివల్ల."

మామ దుప్పటి కిందనుంచి చెయ్యి తీసి ఇద్దర్నీ ఆగమన్నట్టు ఊపాడు. "దాన్నేమీ అనొద్దమ్మా. నాకు తెలిసే తిన్యా. పొద్దున్నే దాని మొహం జూసి వద్దనలేకపోయినా."

ఆ రోజు నుంచి ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు అత్త పక్కనే నడిచాను. పోలీసులాగా. కుండను నేనే మోసుకుపోయి, ఆమె చెప్పిన చోటే పాతిపెట్టి వచ్చాను. కొన్నాళ్ళకు ఇల్లు శుభ్రపడింది. తర్వాతి పరీక్షలో రక్తం కూడా మెరుగ్గా వచ్చింది. నేను గెలిచాననుకున్నాను. నిజంగానే సంతోషపడ్డాను.

ఆ ఎండాకాలంలోనే, మార్కాపురం పోవలసిన రోజుకు ముందురోజు మామ నిద్రలో పోయాడు. గుండె అన్నారు. ఆ గుండె ఎప్పటినుంచో బలహీనమే అన్నారు. పండు ఆపినందుకని ఏ డాక్టరూ అనడు.

మామ పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూటానికి చుట్టాలంతా వచ్చారు. ప్రార్థన అయ్యాక అత్త సాక్ష్యం చెప్పడానికి లేచింది. "పండు నోట పెట్టినన్ని దినాలు మనిషి నా ముందర ఉన్నాడు. పండు ఆపినారు, మనిషి పోయినాడు" అని కూర్చుంది. ఆపిందెవరో చెప్పలేదు. చెప్పకపోయినా అందరూ నా వైపే చూశారు. లేచి రక్తపరీక్ష కాగితాలు వాళ్ళ ముఖాన కొట్టాలన్నంత కోపం వచ్చింది. నా భర్త కూడా తల దించుకున్నాడు. ఆ సంగతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నేను చేసింది సరైన పనే. మళ్ళీ అట్లాంటి రోజే వస్తే మళ్ళీ అదే చేస్తాను. కానీ ఆ చివరి మధ్యాహ్నం, అత్త బయటికి పోయిన సమయం చూసి, మామ నన్ను ఒక్క ముక్క అరటిపండు పెట్టమని అడిగాడు. లేదన్నాను. "సరేలేమ్మా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.